కాచుటకు అప్పగించిన తోట



1967లో లిన్ వైట్ అనే అమెరికా చరిత్రకారుడు 'సైన్స్' పత్రికలో ఒక వ్యాసం రాసి క్రైస్తవ లోకాన్ని బోనులో నిలబెట్టాడు. భూమిని ఏలమని దేవుడే సెలవిచ్చాడన్న ధీమాతో పాశ్చాత్యులు ప్రకృతిని పాడుచేశారని ఆయన అభియోగం. జరిగిన చరిత్ర చూస్తే దానిని బొత్తిగా కొట్టివేయలేము. అయితే ఆదికాండము మొదటి అధ్యాయంతో ముగిసిపోలేదు గదా! రెండవ అధ్యాయం 15వ వచనంలో ఆదాముకు దేవుడు తోటను సాగుచేసే పనితోపాటు దానిని కాచే పనీ అప్పగించాడు. హెబ్రీ భాషలో అక్కడున్న 'షామర్' అనే క్రియే సంఖ్యాకాండము 6:24లోనూ కనబడుతుంది. ఆరాధన చివర పాస్టరుగారు చేతులెత్తి ఇచ్చే దీవెనలో, దేవుడు మనలను కాపాడవలెనని కోరే మాట అదే.

ఈ మాటను చేతలలో చూపిన విశ్వాసులు ఆఫ్రికాలో ఉన్నారు. ఇథియోపియా ఉత్తరాన ఎత్తయిన ప్రదేశాలలో అడవి చాలావరకు సాగుకు, వంటచెరకుకు, పశువుల మేతకు పోయింది. మిగిలినది ఎక్కువగా ఆర్థొడాక్సు దేవాలయాల చుట్టూనే. ఆకాశం నుండి చూస్తే ఎండిన పొలాల మధ్య పచ్చని చుక్కలు, చుక్క నడుమ ఒక దేవాలయం! ఆ అడవి వారికి ఏదెనుకు గురుతు, దేవాలయానికి కట్టిన వస్త్రం. అలెమాయెహు వాస్సీ అనే ఆ దేశపు శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఇటువంటి 28 అడవులలో 168 రకాల చెట్లు, పొదలు, తీగలు లెక్కించారు.

కాని భక్తి ఒక్కటే చాలలేదు. పశువులు లోపలికి దూరి మొలకలను మేసివేసేవి. ముసలి చెట్లున్నాయి, వాటి వెనుక తరం లేదు. వాస్సీగారు, అమెరికా శాస్త్రవేత్త మార్గరెట్ లోమన్‌గారు యాజకులతో కూర్చొని మాట్లాడారు, విరాళాలు కూర్చారు. ఊరివారు పొలాలలోని రాళ్లు ఏరి తెచ్చి అడవి చుట్టూ గోడ పేర్చారు. అటు పొలం శుభ్రపడింది, ఇటు మొలక బ్రతికింది. కొన్నిచోట్ల అడవి పెరగడానికి కాస్త చోటు వదిలి మరీ కట్టారు. అక్కడ అంతా సవ్యంగా ఉందనలేము. త్వరగా డబ్బు చేతికొస్తుందని దేవాలయ స్థలాల్లోకే జామాయిల్ చొరబడుతున్నది. యాజకులకూ ఇంటి ఖర్చులుంటాయి మరి!

మన ఆంధ్ర, తెలంగాణ సంఘాల సంగతి చూడండి. పూర్వులు నాటిన చింత, వేప, నిద్రగన్నేరు చెట్లను కార్లు నిలుపుకోవడానికో, రేకుల షెడ్డు కోసమో ఎన్ని ప్రాంగణాలలో కొట్టివేశారో! జూన్ 5న మొక్క నాటి ఫోటో దిగుతాము, జూలైలో మేకలు తింటాయి.

ఈసారి సంఘ కమిటీలో చెట్టు మాట వచ్చినప్పుడు స్త్రీల సమాజాన్ని, యువజనులను కూడా పిలవండి. ముళ్లకంచె ఎవరు వేస్తారో, రెండు వేసవులు నీరు ఎవరు పోస్తారో, పేర్లతో సహా మినిట్స్ పుస్తకంలో రాయించండి.