పీపాలో నానిన పొగాకు

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల కుటుంబాల నుండి ఈ శీర్షికకు అందుతున్న ప్రశ్నలలో ఇటీవల ఒక కొత్త మాట కనిపిస్తోంది: 'వేప్'. రేపల్లె నుండి ఒక సోదరి తన సందేహాన్ని ఇలా తెలియజేశారు. నగరంలో చదువుకుంటున్న ఆమె కుమారుడు సెలవులకు వచ్చినప్పుడు అతని సంచిలో కలం వంటి ఒక పరికరమూ, చిన్న సీసాలో తేనెరంగు ద్రవమూ కనిపించాయి. సీసాపై పొగాకు ఆకు బొమ్మ, దాని పక్కన చెక్క పీపా బొమ్మ ఉన్నాయి. ఆమె అడిగితే అతడు మూడు సమాధానాలు చెప్పాడు. "ఇది పొగ కాదు, ఆవిరి. ఇందులో పొగాకు లేదు, దాని రుచి మాత్రమే ఉంది. పీపాలో ఊరబెట్టారు గానీ ఇందులో మద్యం లేదు." చదువుకున్న బిడ్డ మాట నిజమేనేమో అన్న అనుమానంతో ఆ తల్లి అడుగుతున్నారు: ఇది ధర్మసమ్మతమా, నిషిద్ధమా?

ఒక వస్తువు స్వరూపం తెలియకుండా దానిపై తీర్పు చెప్పరాదన్నది ధర్మపండితులు మనకు నేర్పిన తొలి పాఠం. కనుక ముందుగా ఆ సీసాలో ఏమున్నదో చూద్దాం.

ఇటువంటి ద్రవాలలో ప్రధానంగా నాలుగు పదార్థాలు ఉంటాయి. ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్ అనే రెండు చిక్కని ద్రవాలు, నికోటిన్, రుచికీ వాసనకూ కలిపే పదార్థాలు. పరికరంలోని బ్యాటరీ ఒక సన్నని తీగచుట్టను వేడిచేస్తుంది. ఆ వేడికి ద్రవం సూక్ష్మ తుంపరలుగా మారుతుంది. దానినే లోనికి పీలుస్తారు. నేడు మనం చూస్తున్న ఈ పరికరానికి 2003లో రూపమిచ్చినవాడు హాన్ లిక్ అనే చైనా ఔషధ నిపుణుడు. అతని తండ్రి ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో మరణించాడు. తాను కూడా సిగరెట్లకు అలవాటుపడినవాడే. సిగరెట్టు మానడానికి ఒక దారిగా తయారైన వస్తువు కొద్ది సంవత్సరాలలోనే సిగరెట్టు ముట్టని పిల్లల చేతికి చేరింది.

ఇక మొదటి సమాధానం: ఇది పొగ కాదు. ఈ మాటలో కొంత నిజం ఉంది, దానిని కాదనడం న్యాయం కాదు. ఇక్కడ ఆకు కాలదు. కాలిన ఆకు నుండి వచ్చే తారు, కార్బన్ మోనాక్సైడ్ ఇందులో ఉండవు. సిగరెట్లు మానలేకపోతున్న పెద్దలకు అంతకంటే ఇది తక్కువ హానికరమని బ్రిటన్ ఆరోగ్య శాఖ భావిస్తోంది. అయితే పిల్లల చేతికి చేరుతున్నాయన్న కారణంగా, ఒకసారి వాడి పారవేసే వేప్‌ల అమ్మకాన్ని 2025 జూన్ 1 నుండి ఆ దేశమే నిషేధించింది. నిప్పుల గుండంలో ఉన్నవానికి వేడి ఇసుక మేలే. చల్లని నీడలో కూర్చున్నవాడు లేచివెళ్లి వేడి ఇసుకలో నిలబడటం మేలెలా అవుతుంది? ఆ యువకుడు సిగరెట్టు మానడానికి దీనిని పట్టుకోలేదు. దీనితోనే మొదలుపెట్టాడు.

పైగా పొగకు ఒక గుణం ఉండేది. మొదటిసారి పీల్చినవానికి గొంతు మండేది, దగ్గు వచ్చేది, కళ్ల నీళ్లు తిరిగేవి. అది శరీరం చేసే హెచ్చరిక. నేటి ద్రవాలలో అనేకం నికోటిన్‌కు ఒక ఆమ్లాన్ని చేర్చి లవణంగా మార్చి అమ్ముతారు. దానివలన గొంతు మంట తగ్గుతుంది. హెచ్చరించే కావలివాణ్ణి నిద్రపుచ్చి ఇంట్లోకి ప్రవేశించే దొంగ పద్ధతి ఇది.

రెండవ సమాధానం: ఇందులో పొగాకు లేదు. ఈ మాట మరొక ప్రాంతంలో చెల్లుతుందేమో గానీ మన ప్రాంతంలో చెల్లదు. పొగాకు అంటే ఏమిటో మనవారికి ఒకరు నేర్పనక్కరలేదు. చీరాలలో ఐ.ఎల్.టి.డి. ఫ్యాక్టరీ నీడలో తరతరాలు బ్రతికాయి. గుంటూరు కేంద్రంగా పొగాకు బోర్డు 1976 నుండి పనిచేస్తోంది. వర్జీనియా ఆకును బ్యారన్లలో గొట్టాల వేడితో రోజుల తరబడి పక్వం చేయడం, బర్లీ ఆకును తోరణాలుగా గుచ్చి ఆరబెట్టడం మన పల్లెల్లో పిల్లలకు కూడా తెలిసిన పనులు. 2025లో నల్లబర్లీ ధర పడిపోయినప్పుడు పర్చూరు ప్రాంతపు రైతులు ఎంత తల్లడిల్లారో, చివరకు మార్క్‌ఫెడ్ ద్వారా ప్రభుత్వమే కొనవలసి వచ్చిందో చూశాం. తడిగా ఉన్న పచ్చి ఆకును రోజంతా కోసిన కూలీలకు తల తిరగడం, వాంతులు కావడం కూడా తెలిసిన విషయమే. నమలకుండా, కాల్చకుండా, కేవలం చర్మం ద్వారా ఒంట్లోకి ఇంకిన నికోటిన్ చేసే పని అది.

ఆ నికోటినే ఈ సీసాలో ఉంది. పొగాకు రుచి గల ద్రవాలలో కొన్నింటిని పక్వం చేసిన అసలు ఆకునే ద్రవంలో నానబెట్టి, వడగట్టి తయారుచేస్తారు. చెరకును గానుగలో పెట్టి రసం తీసి, పిప్పిని బయట పారవేసి, "ఇందులో చెరకు లేదు" అన్నట్లున్నది ఈ వాదన. రసమంతా సీసాలోనే ఉన్నది.

అది ఎంత ఉన్నదో కూడా లెక్క చూద్దాం. ఒక సిగరెట్టు కాల్చినవాని రక్తంలోకి చేరే నికోటిన్ సుమారు 1 మిల్లీగ్రాము. ఐరోపా సమాఖ్య ఈ ద్రవాలకు విధించిన గరిష్ఠ పరిమితి మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు. అటువంటి ద్రవం 30 మిల్లీలీటర్ల సీసా నిండా ఉంటే అందులో 600 మిల్లీగ్రాముల నికోటిన్ ఉన్నట్లు. ఐరోపా వెలుపల 50 మిల్లీగ్రాముల ద్రవాలు కూడా అమ్ముడవుతాయి. పండ్ల వాసన, తీపి వాసన గల ఆ సీసాను ఇంట్లోని పసిబిడ్డ నోట పెట్టుకుంటే ఏమవుతుందో తల్లులు ఒక్కసారి ఆలోచించాలి. మెదడు ఇంకా ఎదుగుతున్న వయసులో నికోటిన్ అలవాటు మరింత త్వరగా బిగుసుకుంటుంది. ఏకాగ్రతను దెబ్బతీస్తుంది. ఆ ఎదుగుదల సుమారు 25 ఏళ్ల వరకు సాగుతుందని వైద్యులు చెబుతారు.

ఇక మూడవ సమాధానం: పీపా. దీనిని గురించే ఆ సోదరి ఎక్కువగా కలతపడ్డారు. అమెరికా చట్టం ప్రకారం బోర్బన్ అనే విస్కీని లోపలి భాగం కాల్చిన కొత్త ఓక్ చెక్క పాత్రలలోనే నిల్వచేయాలి. ఒకసారి వాడిన పీపా మరల బోర్బన్‌కు పనికిరాదు. అందువలన పాత పీపాలను ఇతర మద్యాల తయారీదారులు, సాస్‌లూ కాఫీగింజలూ ఊరబెట్టేవారు కొనుక్కుంటారు. వేప్ ద్రవాలు తయారుచేసేవారు కొందరు కూడా పొగాకు రుచి గల ద్రవాన్ని అటువంటి పీపాలలో వారాల తరబడి ఊరబెడతారు. ఓక్ చెక్కలో ఇంకిన మద్యపు సారం, కాలిన చెక్క వాసన ద్రవంలోకి దిగడమే ఆ శ్రమకు ప్రయోజనం. ఆ రుచి కోసమే అధిక ధర.

ఇక్కడ ధర్మశాస్త్రం ఏమంటుంది? ఇస్లాం తొలినాళ్లలో అబ్దుల్ ఖైస్ తెగ బృందం మదీనాకు వచ్చినప్పుడు దైవప్రవక్త (సఅసం) వారిని నాలుగు రకాల పాత్రల విషయంలో వారించారు. వాటిలో ఒకటి 'నకీర్', అంటే ఖర్జూరపు మొద్దును తొలిచి చేసిన పాత్ర. అందులో నానబెట్టిన ఖర్జూరపు నీరు త్వరగా పులిసి మత్తుపదార్థంగా మారేది. తర్వాతి కాలంలో, విశ్వాసుల మనసులు మద్యం నుండి పూర్తిగా మరలిన పిమ్మట, పాత్రలపై ఆంక్షను ఆయన తొలగించారు. ఏ పాత్రలోనైనా త్రాగవచ్చు, మత్తు కలిగించేదానిని మాత్రం త్రాగరాదు అన్నది నిలిచిన శాసనం. దీనినిబట్టి పండితులు గ్రహించినది ఏమంటే, పాత్ర తనంతట తాను నిషిద్ధం కాదు. పాత్రలోని పదార్థమే తీర్పుకు మూలం.

అలాగైతే పీపాలో ఊరిన ద్రవానికి దోషం లేదా? ఉంది. శుభ్రపరచి ఎండబెట్టిన పాత్ర వేరు, మద్యపు సారాన్ని దించుకోవడానికే ఎంచుకున్న పాత్ర వేరు. మద్యం స్వయంగా సిర్కాగా మారితే దాని స్వభావమే మారిపోతుంది, కనుక సిర్కా ధర్మసమ్మతం. ఇక్కడ స్వభావం మారలేదు. మద్యపు రుచిని కోరి తెచ్చుకుంటున్నారు. ఎంత చేరింది, ఆవిరిలో ఎంత మిగిలింది అన్నది సందేహాస్పదమే కావచ్చు. సందేహాస్పదమైనదానిని వదలి నిస్సందేహమైనదానిని పట్టుకోవాలన్నది మనకు లభించిన బోధన.

కానీ తల్లిదండ్రులు ఇక్కడొక విషయం గమనించాలి. మనం పీపాను గురించే వాదిస్తూ కూర్చుంటే, ఆ యువకుడు రేపు పీపా బొమ్మ లేని మరొక సీసా తెచ్చుకుంటాడు. "ఇందులో పీపా లేదు కదా" అంటాడు. అప్పుడు మన నోట మాట ఉండదు. ఆ సీసాలో మామిడిపండు వాసన ఉన్నా, పుదీనా వాసన ఉన్నా, లోపలి నికోటిన్ ఒక్కటే. కావున పీపా ఈ ప్రశ్నలో చిన్న భాగం. స్వేచ్ఛగా పుట్టిన మనిషిని గంటగంటకూ తన ముందు చేయి చాపేలా చేసే బానిసత్వమే పెద్ద భాగం.

పొగాకు విషయంలో మన పండితుల మధ్య పూర్వం భిన్నాభిప్రాయాలు ఉన్నమాట నిజమే. అక్బరు దర్బారుకు అసద్ బేగ్ బీజాపూరు నుండి పొగాకు తెచ్చిన నాటికి అది కొత్త వస్తువు. 1617లో జహంగీరు దానిని నిషేధించాడు. తర్వాతి పండితులలో కొందరు నిషిద్ధమన్నారు, కొందరు మక్రూహ్ అన్నారు, కొందరు అనుమతించారు. నాడు దాని హాని ఎంతో రుజువు కాలేదు. నేడు అయింది. తన ప్రాణానికి తానే చేటు తెచ్చుకోవడాన్నీ, సొమ్మును వృథాచేయడాన్నీ దైవగ్రంథం వారిస్తోంది. మలేషియా జాతీయ ఫత్వా మండలి 2015 డిసెంబరులో వేప్‌ను నిషిద్ధంగా ప్రకటించింది. అలవాటు లేనివాడు దీనిని మొదలుపెట్టడం ధర్మసమ్మతం కాదన్నదే మా నిర్ధారణ. ఉపవాసంలో ఉన్నవాడు ఉద్దేశపూర్వకంగా పొగను లోనికి పీలిస్తే ఉపవాసం భంగమవుతుందని హనఫీ ధర్మశాస్త్రం చెబుతోంది. వేప్‌కూ అదే తీర్పు. ఆవిరి అన్న పేరు దానిని రక్షించదు.

దేశ చట్టం కూడా ఈ విషయంలో స్పష్టంగా ఉంది. 2019 సెప్టెంబరులో ఆర్డినెన్సుగా వచ్చి అదే ఏడాది చట్టమైన ఎలక్ట్రానిక్ సిగరెట్ల నిషేధ చట్టం వీటి తయారీని, దిగుమతిని, రవాణాను, అమ్మకాన్ని, పంపిణీని, నిల్వను, ప్రకటనలను నిషేధించింది. మొదటి నేరానికి ఒక సంవత్సరం వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మరల చేస్తే మూడు సంవత్సరాల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా. "నేను అమ్మడం లేదు, నలుగురు స్నేహితులకు తెప్పించి ఇస్తున్నాను" అనే కుర్రవాడు తాను ఏ గీత దాటుతున్నాడో తెలియకుండానే దాటుతున్నాడు. ఈ సంగతి అతనికి ఇంట్లోనే తెలియాలి, పోలీసు స్టేషనులో కాదు.

మరి తల్లిదండ్రులు ఏమి చేయాలి? ముందుగా కేకలు వేయవద్దు. బంధువుల ముందు పరువు తీయవద్దు. అవమానపడిన బిడ్డ అలవాటు మానడు, దాచడం నేర్చుకుంటాడు. ఏకాంతంలో కూర్చోబెట్టి, ఎప్పటినుండి, ఎంత, ఎవరితో అన్నది వినండి. సీసాలను పసిపిల్లలకు అందని చోటికి తక్షణం తొలగించండి. నికోటిన్‌కు అలవాటుపడిన శరీరం కొన్ని రోజులు చిరాకు పడుతుంది, నిద్ర పట్టదు, చదువుపై మనసు నిలవదు. అది వ్యాధి లక్షణమే గానీ తలబిరుసుతనం కాదు. కేంద్ర ప్రభుత్వపు ఉచిత సహాయ నంబరు 1800-11-2356కు ఫోన్ చేస్తే మానే మార్గం చెబుతారు. అవసరమైతే వైద్యుని సలహాపై చూయింగ్ గమ్, ప్యాచ్ వంటివి వాడవచ్చు. అది చికిత్స, దానిలో సందేహపడవలసింది లేదు. రమజాను మాసంలో పగలంతా దూరంగా ఉండగలిగినవాడు ఇఫ్తారు తర్వాత కూడా ఉండగలడని అతనికి నమ్మకం కలిగించండి.

చివరిగా తండ్రులకు ఒక మాట. మన ఇళ్లలో ఖైనీ పొట్లం జేబులో ఉంచుకుని, జర్దా డబ్బా తలగడ పక్కన పెట్టుకుని, కొడుకు చేతిలోని వేప్‌ను చూసి మండిపడే పెద్దలు తక్కువేమీ కాదు. వస్తువు వేరైనా లోపలి నికోటిన్ ఒక్కటేనని పైన చెప్పుకున్నాం. కొడుకు అడగకపోయినా అతని కన్నులు ఆ డబ్బాను చూస్తూనే ఉంటాయి. అతని పరికరాన్ని అడిగి తీసుకునే రోజున, ఆ జర్దా డబ్బాను కూడా దాని పక్కన పెట్టి, "ఇద్దరం కలిసి మానుదాం" అనగలిగిన తండ్రి మాటకు ఉండే బలం మా వంటివారి వంద ప్రసంగాలకు ఉండదు.