కొలవని విషానికి లెక్క చెప్పేదెవరు?

నక్కవాగు పాడైపోయిందని, బావినీళ్ళు నోట పెట్టలేకుండా ఉన్నాయని పటాన్‌చెరు చుట్టుపక్కల ఊర్లు మొత్తుకుంటే ‘ఆరోపణ’ అన్నారు. 1990లోనే ఈ గోడు సుప్రీంకోర్టు గడప తొక్కింది. గోడును ఆధారంగా మార్చింది మాత్రం పరిశోధనే.

అప్పట్లో సుమారు 90 మందుల కంపెనీల మురుగు చేరిన పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రంలో, శుద్ధి అయ్యాక బయటికొచ్చే నీళ్ళను స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. కొన్నిరకాల బాక్టీరియాను చంపే మోతాదుకు ఇది వెయ్యి రెట్లకు పైనే. ఒక్కరోజులో వాగులోకి పోయిన ఆ మందు దాదాపు 45 కిలోలు. అప్పట్లో 90 లక్షల జనాభా ఉన్న స్వీడన్ ఐదు రోజులు వాడిన మందు అది! ఊరి బావుల్లోనూ మందుల అవశేషాలున్నాయని 2009లో మరో పరిశోధన తేల్చింది.

శుద్ధి చేసినా ఇంత మందు ఎట్లా మిగిలింది? సిఓడి, టిడిఎస్ లాంటి వాటికే చట్టంలో పరిమితులున్నాయి. యాంటీబయాటిక్‌లకు లేవు. జాబితాలో లేని విషాన్ని ఎవరూ కొలవరు. కొలవంది ఫైలుకెక్కదు.

ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. ఈ పరిశోధనలు నీళ్ళలో ఏముందో చెప్పాయి. ఫలానా మనిషి జబ్బుకు ఇదే కారణమని తేల్చలేదు. అందుకు ఊరూరా ఆరోగ్య సర్వే జరగాలి. ఆధారాన్ని మించి మాట్లాడితే యాజమాన్యాలకు మనమే సాకు అందించినట్టు. ఉన్న ఆధారమే చాలినంత భయపెడుతున్నది. మందు కలిసిన నీళ్ళలో దానికి లొంగని బాక్టీరియానే బతికి పెరుగుతుంది. అది కంపెనీ ప్రహరీ దగ్గర ఆగదు.

2020 జనవరిలో కేంద్రం యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు ప్రతిపాదించింది. 2021 ఆగస్టులో వచ్చిన తుది నిబంధనల్లో అవి మాయమయ్యాయి. ఆధారం దొరికినా విధానం మారలేదు.

నీళ్ళు, నిధులు, నియామకాలని కొట్లాడి 2014లో రాష్ట్రం తెచ్చుకున్నాం. నీళ్ళ వాటాను టిఎంసిల్లో అడిగిన మనం, ఆ నీళ్ళలో ఏం కలిసిందో మిల్లీగ్రాముల్లో అడగలేమా? కాలుష్య నియంత్రణ మండలి యాంటీబయాటిక్ అవశేషాలను నెలనెలా కొలవాలి. ఆ లెక్కను తెలుగులో గ్రామ పంచాయతీ గోడమీద పెట్టాలి. యూనివర్సిటీ విద్యార్థులు ఆ అంకెలను చదివి ఊరికి విడమర్చి చెప్పాలి. 2011 సకల జనుల సమ్మెలో 42 రోజులు పెన్ను కింద పెట్టిన ఉద్యోగులు, ఇప్పుడు ఉన్నది ఉన్నట్టు రాయడానికి అదే పెన్ను ఎత్తాలి.