జనరేటరు ఉంది.. ఎర్తింగేదీ?

తుపాను తీరంలో కొరవడిన జాగ్రత్త
ఇంటివారికీ, లైన్‌మెన్‌కూ పొంచి ఉన్న ముప్పు

శ్రీకాకుళం: తుపాను రావడం, కరెంటు పోవడం, సొంతానివో అద్దెవో జనరేటర్లు ఊళ్లలోకి దిగడం తీర ప్రాంతానికి అలవాటైపోయింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస సమీప తీరాన్ని తాకినపుడు వేలాది విద్యుత్తు స్తంభాలు నేలకూలాయి. ఉద్దానం పల్లెలు రోజుల తరబడి చీకటిలో మగ్గాయి. అయినా, జనరేటరు తెచ్చుకునేవారు డీజిలు విషయంలో చూపే శ్రద్ధ ఎర్తింగ్ విషయంలో చూపడం లేదు.

కడ్డీ పాతితే చాలదు
జనరేటరు పక్కన ఇనుప కడ్డీ పాతి, ఫ్రేముకు తీగ చుడితే పని పూర్తయిందన్న భావన బలంగా ఉంది. చిన్న లెక్కతోనే ఇందులోని లోపం బయటపడుతుంది. కడ్డీ వద్ద నేల నిరోధం 20 ఓములనుకుంటే, ఫేజు తీగ ఫ్రేముకు తగిలినపుడు 230 వోల్టుల వద్ద నేలలోకి పారేది 11.5 ఆంపియర్లే. 16 ఆంపియర్ల ఎంసీబీ దానికి ట్రిప్ కాదు. ఫ్రేముపై ప్రాణాంతకమైన వోల్టేజీ అలాగే నిలిచి ఉంటుంది.

జనరేటరు న్యూట్రల్‌ను అసలు ఎర్త్‌కు కలపకపోతే పరిస్థితి మరోలా ఉంటుంది. లీకైన విద్యుత్తు తిరిగి వెళ్లేందుకు దారి ఉండదు కనుక, 30 మిల్లీ ఆంపియర్లకే సరఫరాను నిలిపివేయాల్సిన ఆర్‌సీసీబీ సైతం ఆ లోపాన్ని పసిగట్టలేదు.

న్యూట్రల్, ఫ్రేము, ఇంటి ఎర్త్ తీగ.. ఈ మూడింటినీ జనరేటరు వద్ద ఒకేచోట కలిపి ఎర్త్ గుంతకు అనుసంధానించడమే దీనికి పరిష్కారం. అప్పుడు లోపం తలెత్తితే విద్యుత్తు మట్టిపై ఆధారపడకుండా తీగ గుండానే తిరిగి చేరుతుంది. చిన్న జనరేటర్లు ఎంసీబీని ట్రిప్ చేసేంత విద్యుత్తు ఇవ్వలేకపోవచ్చు కాబట్టి ఆర్‌సీసీబీ తప్పనిసరి. ఫ్రేమును రెండు వేర్వేరు తీగలతో ఎర్త్ చేయాలన్నది భద్రతా నిబంధనల్లో ఏళ్ల తరబడి ఉన్న సూత్రమే. ఇసుక నేలల్లో, ఎండాకాలంలో నిరోధం పెరుగుతుంది. అందుకే ఉప్పు, బొగ్గు వేసిన గుంతలో తేమ ఆరకుండా నీరు పోయాలి. ఎర్త్ టెస్టరుతో కొలిపించాలి.

లైన్‌మన్ ప్రాణం మన స్విచ్చులో..
రెండు కొనలకూ ప్లగ్గులున్న తీగతో జనరేటరును ఇంటి సాకెట్‌కు కలపడం అన్నిటికన్నా ప్రమాదకరం. మెయిన్ ఆపడం మరిస్తే విద్యుత్తు వీధి లైనులోకి ఎదురు పారుతుంది. మామూలుగా 11 వేల వోల్టులను తగ్గించే ట్రాన్స్‌ఫార్మరు, వెనుక నుంచి వచ్చిన 230 వోల్టులను అటువైపు వేల వోల్టులుగా మార్చేస్తుంది. సబ్‌స్టేషన్‌లో సరఫరా ఆపారన్న నమ్మకంతో స్తంభమెక్కిన కార్మికుడికి అది మృత్యుపాశమే. లైనును ఎర్త్ చేసిన తరువాతే పని ప్రారంభించాలన్న నియమం ఇందుకే ఉంది.

దీన్ని నివారించేది ఛేంజోవర్ స్విచ్. అది ఫేజుతోపాటు న్యూట్రల్‌నూ మార్చేదిగా ఉండాలి. సింగిల్ ఫేజు ఇంటికి రెండు పోళ్లది, త్రీఫేజుకు నాలుగు పోళ్లది అవసరం. ఎర్త్ తీగను మాత్రం ఏ స్విచ్చుతోనూ తెంపకూడదు.

ఎవరిదీ బాధ్యత?
మీటరు దాటిన వైరింగ్ వినియోగదారుడి బాధ్యతే. అయితే ఆ ఇంట్లో జరిగిన పొరపాటుకు బలయ్యేది వీధిలో పనిచేసే కార్మికుడు కావచ్చు. అందువల్ల దీన్ని సొంత వ్యవహారమని వదిలేయడం తగదు. అద్దె జనరేటర్లు ఛేంజోవర్ స్విచ్, ఎర్త్ తీగలతోనే ఇంటికి చేరేలా చూడాలి. తుపానులు ఎక్కువగా వచ్చే అక్టోబరు, నవంబరు నెలలకు ముందే పంచాయతీలు, విద్యుత్తు సెక్షన్ కార్యాలయాలు కలిసి గ్రామాల్లోని జనరేటర్లను తనిఖీ చేయించాలి. గాలివాన మొదలయ్యాక గుంత తవ్వే తీరిక ఎవరికీ ఉండదు.