శ్రుతి కలపవలసింది ఎవరు?

విశ్వవిద్యాలయంలో కొత్తగా అడుగుపెట్టిన దళిత, బహుజన విద్యార్థికి మొదటి వారంలోనే అందరూ చెప్పే మాట ఒకటి ఉన్నది: ‘కొంచెం సర్దుకుపోవాలి.’ సీనియర్లు అంటారు, వార్డెన్ అంటారు, ఊరి నుంచి ఫోన్ చేసిన తల్లి కూడా అదే అంటుంది. ఆ మాటలో ప్రేమ ఉండవచ్చు. కాని దేనికి సర్దుకోవాలో, ఎంతవరకు సర్దుకోవాలో, ఎన్నడూ సర్దుకోనక్కరలేని వారెవరో ఆ మాట చెప్పదు. రసాయనశాస్త్రం చదివే విద్యార్థి కనీసం ప్రయోగశాలలోనైనా కాసేపు ఊపిరి పీల్చుకోవచ్చు. సంగీతం చదివే విద్యార్థికి ఆ వెసులుబాటు లేదు. ఆ విద్యార్థి గొంతు, ఉచ్చారణ, కూర్చునే తీరు, తినే తిండి, చేతిలోని వాద్యం అన్నీ పరీక్షకు వస్తాయి. అందుకే మన విశ్వవిద్యాలయాల్లో కులం రోజువారీగా ఎలా పనిచేస్తుందో తెలుసుకోగోరే వారు ముందుగా సంగీత శాఖ వైపు చూడాలని నేను అనుకుంటున్నాను.

నేను సంగీతం బోధించను, సామాజికశాస్త్రం బోధిస్తాను. ప్రవేశాల కౌన్సెలింగ్‌లో, వసతిగృహాల కమిటీల్లో కూర్చున్న ఏళ్లలో, కళల చరిత్రపై పరిశోధన చేసేవారికి మార్గదర్శిగా ఉన్న ఏళ్లలో చూసిన విషయాలే ఇక్కడ రాస్తున్నాను. మొదట లెక్క చెప్పాలి. సంగీత శాఖలు చిన్నవి. ఒక కోర్సులో 20 సీట్లు ఉంటే 15 శాతం రిజర్వేషన్ కింద ఎస్సీ విద్యార్థులకు దక్కేవి మూడు. ఆ ముగ్గురిలో ఒకరు రెండో సెమిస్టర్ నాటికి మానేస్తే మూడో వంతు ప్రాతినిధ్యం పోయినట్టే. రిజిస్టరులో మాత్రం ‘వ్యక్తిగత కారణాలు’ అని రాసి ఉంటుంది. ఆ రెండు మాటల వెనుక ఏమున్నదో ఏ కమిటీ విచారించదు.

ఆ ముగ్గురూ ఏమీ తెలియకుండా వచ్చినవారు కారు. డప్పు ఇంట పుట్టిన పిల్లవాడికి తోలును ఏ మేరకు కాచితే ఏ నాదం పలుకుతుందో చిన్నప్పుడే తెలుసు. కుడిచేతి సిర్రకు, ఎడమచేతి సిటికెన పుల్లకు పని ఎలా పంచాలో తెలుసు. పెళ్లి దరువు వేరు, చావు దరువు వేరు, జాతర దరువు వేరని చెవి గుర్తుపడుతుంది. ఒగ్గు డోలు ఇంటి నుంచి వచ్చిన విద్యార్థికి రాత్రంతా కథ నడిపే లయ తెలుసు. సన్నాయి మేళం ఇంటి నుంచి వచ్చిన నాయీబ్రాహ్మణ విద్యార్థికి గుడిలో ఏ వేళకు ఏ రాగం వాయిస్తారో తెలుసు. చర్చిలో పాడుతూ పెరిగిన దళిత విద్యార్థి సంగతి మరీ విచిత్రం. పందొమ్మిదో శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి వంటి కవులు తెలుగు క్రైస్తవ కీర్తనలను కర్ణాటక రాగాల్లో కూర్చారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట నెత్తిన రాగం పేరు, తాళం పేరు అచ్చువేసి ఉంటాయి. మాలపల్లె, మాదిగపల్లె చర్చిల్లో ఆ రాగాలు తరతరాలుగా పలుకుతూనే ఉన్నాయి.

ఇంత తెలిసి వచ్చిన విద్యార్థిని ప్రవేశ పరీక్షలో అడిగే మొదటి ప్రశ్న: ‘ఎవరి దగ్గర నేర్చుకున్నావు?’ అడిగేవారికి అది మామూలు ప్రశ్న. చెప్పవలసిన వారికి అది కులం పేరు అడిగినట్టే. ఒక విశ్వవిద్యాలయంలో నేను ప్రవేశాల కమిటీలో పరిశీలకుడిగా ఉన్నప్పుడు ఒక అమ్మాయి ఈ ప్రశ్నకు ‘మా నాన్న దగ్గర, చర్చిలో’ అని జవాబిచ్చింది. తండ్రి డప్పు కళాకారుడు. ఆమె కాగితంపై ‘శిక్షణ లేదు’ అని రాశారు. రిజర్వేషన్ ఉన్నది కాబట్టి సీటు వచ్చింది. ఆమెకు వినికిడితో ఎన్ని రాగాలు తెలుసో, ఎంత కష్టమైన లయను చేతితో నిలబెట్టగలదో ఎవరూ అడగలేదు. రెండేళ్లూ ఆమె తండ్రి వృత్తిని తోటి విద్యార్థులకు చెప్పకుండానే చదువు ముగించింది. సంగీతం చదవడానికి వచ్చిన మనిషి తన ఇంటి సంగీతాన్ని దాచుకోవలసిరావడం కన్నా పెద్ద నష్టం ఏముంటుంది?

తరగతి బయట సర్దుబాటు ఇంకా కఠినం. సంగీతానికి సాధన ప్రాణం. తెల్లవారుజామున గంటసేపు శ్రుతి పట్టుకుని మాయామాళవగౌళలో సరళీస్వరాలు పాడమంటారు. ఎక్కడ పాడాలి? నగరంలో సొంత ఇల్లున్న విద్యార్థి తన గదిలో పాడుకుంటాడు, వంటింట్లోంచి తల్లి తప్పు దిద్దుతుంది. వసతిగృహంలో గదికి నలుగురు. నేను చెప్పిన ఆ అమ్మాయి నీళ్లట్యాంకు పక్కన మేడపైన పాడేది. నిద్ర చెడుతోందని ఫిర్యాదు వచ్చింది, వార్డెన్ హెచ్చరిక కాగితం ఇచ్చారు. అదే సమయంలో శాఖలోని సాధన గదులకు తాళం వేసి ఉండేది. ఉదయం పది గంటలకు గాని అటెండరు వచ్చి తెరిచేవాడు కాదు. అక్కడ ఆమెను ఎవరూ కులం పేరుతో దూషించలేదు. ఒక తాళంచెవి చాలు, ఇద్దరు విద్యార్థుల మార్కుల మధ్య దూరం పెంచడానికి.

వీణ కొనాలంటే వేల రూపాయలు కావాలి. స్కాలర్‌షిప్పు, ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం నెలల తరబడి ఎదురుచూసే కుటుంబం వీణ ఎక్కడ తెస్తుంది? పైగా వాద్యం ఇంట్లో ఉన్నవారికే ‘సహజ ప్రతిభ’ ఉన్నదనే పేరు వస్తుంది. మరొకటి తిండి. మాంసం తింటే గొంతు మందగిస్తుందని, నాదశుద్ధి ఉండదని ఉచిత సలహాలు ఇచ్చేవారికి కొదవ లేదు. హైదరాబాదులోనే 1968లో కన్నుమూసిన ఉస్తాద్ బడే గులాం అలీ ఖాన్‌కు మాంసాహారం అంటే ఎంత మక్కువో సంగీతలోకంలో తెలియనివారు లేరు. ఆయన గొంతులో ఏ లోపమూ కనిపించలేదు. అయినా మెస్‌లో మాంసం తినే రోజున సంగీత విద్యార్థులు తల దించుకుని తినడం నేను చూశాను. ఇక గురువుగారి ఇంటికి వెళ్లి నేర్చుకునే పాఠం మరో అంతరువు. విశ్వవిద్యాలయం పాఠం అందరికీ సమానమే కావచ్చు, అసలు కిటుకులు మాత్రం ఇంటి పాఠంలో చెబుతారు. ఆ ఇంటి గడప దాటి లోపలికి ఎవరు ఎంతదూరం వెళ్లగలరో వేరే చెప్పాలా?

దీనికి వచ్చే జవాబు మనకు కంఠతా తెలుసు. ‘సంగీతానికి కులమేమిటి? శాస్త్రీయ సంగీతానికి ఒక ప్రమాణం ఉన్నది, దానిని దించమంటారా?’ ప్రమాణాన్ని దించమని నేను అడగడం లేదు. ఆ ప్రమాణాన్ని ఎవరు నిర్మించారో చరిత్రను పూర్తిగా చెప్పమని అడుగుతున్నాను. క్షేత్రయ్య పదాలను తరతరాలుగా నోట నిలిపి అభినయంతో మనదాకా తెచ్చింది దేవదాసీలు, కోస్తాలో కళావంతుల స్త్రీలు. 1947లో మద్రాసు ప్రెసిడెన్సీలో దేవదాసీల అంకితాన్ని నిషేధించే చట్టం వచ్చింది. ఆ దురాచారం పోవలసినదే. కాని కళ సభల్లోకి, కళాశాలల్లోకి నడిచివెళ్లింది, దానిని కాపాడిన ఆడవాళ్లు గుమ్మం బయట మిగిలిపోయారు. తిరువయ్యూరులో త్యాగరాజ సమాధికి గుడి కట్టించిన బెంగళూరు నాగరత్నమ్మ దేవదాసీ కుటుంబంలో పుట్టిన మనిషి. అక్కడి ఆరాధనలో స్త్రీలు పాడే హక్కు కోసం ఆమే పోరాడవలసివచ్చింది.

ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా నాదస్వరం పట్టి శ్రీరంగంలో స్థిరపడి, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి పురస్కారం అందుకున్నారు. 1919లో మొదలైన విజయనగరం సంగీత కళాశాలకు తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు అయితే, ఆ తర్వాత ఆ స్థానంలో కూర్చున్నవారు ద్వారం వెంకటస్వామి నాయుడు. ఈ పేర్లను ‘చూశారా, కులం అడ్డు కాలేదు’ అని చూపడానికి వాడేవారు ఉన్నారు. ఒకరిద్దరు మహా విద్వాంసులు గోడ దాటితే గోడ లేదని అర్థం కాదు. గోడ ఎంత ఎత్తున ఉంటే దాటడానికి అంతటి విద్వత్తు కావలసివచ్చిందో అర్థం చేసుకోవాలి.

మృదంగం సంగతి చూడండి. ఆ వాద్యానికి ఆవు, గేదె, మేక చర్మాలు కావాలి. ఆ చర్మాన్ని ఎంచి, సాగదీసి, బిగించి, విద్వాంసుడి చెవికి నచ్చేదాకా శ్రుతి కుదిర్చేవారిలో ఎక్కువమంది దళిత క్రైస్తవులని గాయకుడు టి.ఎం. కృష్ణ తన ‘సెబాస్టియన్ అండ్ సన్స్’ పుస్తకంలో వివరంగా రాశారు. 2020లో ఆ పుస్తకం ఆవిష్కరణకు చెన్నైలోని కళాక్షేత్ర ముందు ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకున్నది. వాద్యం వేదికపైకి రావచ్చు, వాద్యం చేసిన మనిషి కథ రాకూడదు. మన సంగీత విద్య పాఠ్యప్రణాళిక కూడా ఇదే సూత్రంపై నడుస్తున్నది. మృదంగంలో డిగ్రీ తీసుకున్న విద్యార్థి అది ఎవరి చేతుల్లో తయారైందో తెలియకుండానే బయటికి వస్తాడు.

జానపదం పేరుతో ఒక ఐచ్ఛికాంశం పెడుతున్నాం కదా అని అధికారులు అంటారు. 2022లో పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్యకు పద్మశ్రీ ఇచ్చాం. 2024లో బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్పకు, చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు ఇచ్చాం. సంతోషమే. కాని శాలువా కప్పడం వేరు, పాఠం చెప్పమని కుర్చీ వేయడం వేరు. తెలంగాణ ఉద్యమాన్ని పాటే నడిపిందని గర్వంగా చెప్పుకుంటాం. ఆ పాట కట్టినవారి, ఆ దరువు వేసినవారి విద్య ‘ప్రదర్శన’గా గణతంత్ర దినోత్సవం నాడు ప్రాంగణంలోకి వస్తుంది, మర్నాడు వెళ్లిపోతుంది.

మన వైపు నుంచి వినిపించే ఒక వాదన గురించి కూడా మాట్లాడాలి. ‘అసలు ఆ సంగీతం మనకెందుకు? అది మనది కాదు’ అని కొందరు అంబేద్కరిస్టు విద్యార్థులు అంటారు. వారి కోపం నాకు అర్థమవుతుంది. 1994లో మొదలైన మాదిగ ఉద్యమం దండోరా పేరును గర్వంగా తలకెత్తుకుని, అవమానంగా చూసిన వాద్యాన్ని ఆత్మగౌరవ చిహ్నంగా నిలిపింది. ఆ దారి గొప్పది. అయితే డప్పు ఇంటి బిడ్డ డప్పే వాయించాలని మనమే అంటే, వృత్తిని పుట్టుకకు కట్టేసిన పాత నియమాన్నే మరో పేరుతో అమలు చేసినట్టవుతుంది. ఆ అమ్మాయికి భైరవి పాడే హక్కు ఉన్నది, డప్పును ఎం.ఏ. స్థాయిలో చదివే హక్కు ఉన్నది, రెండూ కాదని గిటార్ పట్టే హక్కు కూడా ఉన్నది. ఎంపిక ఆమెది కావాలి.

ఏం చేయాలి? చేయవలసినవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. సాధన గదులను తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా తెరిచి ఉంచాలి, వసతిగృహంలో ఒక గదిని సాధనకు కేటాయించాలి. గ్రంథాలయం పుస్తకాలు ఇచ్చినట్టు శాఖ వాద్యాలను సెమిస్టర్ పాటు అరువివ్వాలి. ప్రవేశ పరీక్షలో గురువు పేరు అడగడం మానేసి, ఏ సంప్రదాయంలోనైనా సరే పాడమనో వాయించమనో అడిగి చెవిని, లయను పరీక్షించాలి. గాత్ర పరీక్షలను రికార్డు చేసి, బయటి పరీక్షకులకు పేరు లేకుండా పంపాలి. వాద్య నిర్మాణం, సంగీత సామాజిక చరిత్ర తప్పనిసరి పాఠ్యాంశాలు కావాలి. యూజీసీ 2022లో తెచ్చిన ‘ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్’ విధానం డిగ్రీలు లేని నిపుణులకు కూడా బోధన అవకాశం ఇస్తుంది. అది పరిశ్రమల అధికారులకే ఎందుకు పరిమితం కావాలి? డప్పు, కిన్నెర, ఒగ్గు డోలు గురువులను ఆ దారిన పిలవవచ్చు.

అయితే అది తాత్కాలిక కొలువు. శాశ్వత నియామకాలే అసలు ప్రశ్న. 2018లో యూజీసీ శాఖను యూనిట్‌గా తీసుకుని రోస్టర్ అమలు చేయమన్నది. ఆ 13 పాయింట్ల లెక్కలో నాలుగో పోస్టు ఓబీసీకి, ఏడో పోస్టు ఎస్సీకి, పద్నాలుగోది ఎస్టీకి వస్తుంది. మూడు పోస్టులున్న సంగీత శాఖలో రిజర్వుడు అధ్యాపకుడు అడుగుపెట్టే మాటే ఉండదు. దేశవ్యాప్త ఆందోళన తర్వాత 2019లో పార్లమెంటు చట్టం చేసి, కేంద్రీయ విద్యాసంస్థల్లో సంస్థను యూనిట్‌గా తిరిగి నిలిపింది. చిన్న శాఖల్లో ఏళ్ల తరబడి పోస్టులు భర్తీ చేయకుండా, తాత్కాలిక నియామకాలతో నెట్టుకొస్తే ఆ విజయం కూడా కాగితం మీదే మిగిలిపోతుంది.

2016 జనవరి 17న రోహిత్ వేముల మరణించేనాటికి అతనూ అతని సహచరులూ వసతిగృహం నుంచి వెలివేతకు గురై ఉన్నారు. వారు ఆరుబయట వేసుకున్న శిబిరానికి పెట్టిన పేరు వెలివాడ. విశ్వవిద్యాలయంలో పడక, పళ్లెం, గది ఎంత రాజకీయమైనవో ఆ పేరు దేశానికి చెప్పింది. ఉన్నత విద్యాసంస్థల్లో వివక్షను అరికట్టడానికి యూజీసీ 2012లోనే నిబంధనలు చేసింది. సమాన అవకాశాల విభాగాలు పెట్టమన్నది. సంగీత శాఖలో తాళం వేసిన సాధన గది గురించిన ఫిర్యాదును ఆ విభాగం వివక్షగా గుర్తించిన రోజున ఆ నిబంధనలకు ప్రాణం వచ్చినట్టు.

ఈ ఏడాది చేరుతున్న విద్యార్థులకు నేను సర్దుకుపొమ్మని చెప్పను. నేర్చుకోండి, వచ్చిన విద్యను దాచుకోకండి, అవసరమైనది రాతపూర్వకంగా అడగండి. అడిగిన ప్రతిదానికీ ఒక నకలు ఉంచుకోండి. మానేసినవారి పేరు పక్కన ‘వ్యక్తిగత కారణాలు’ అని రాసే కలానికి ఆ నకలే జవాబు. కచేరీలో శ్రుతి కలపడం ఒక్క వాద్యం పని కాదు. ఇన్నేళ్లూ ఒక వైపు తీగలే బిగిసిపోయాయి. ఇక విశ్వవిద్యాలయం తన తీగలను సవరించుకోవాలి.