ఇల్లెంతో తెలియని అద్దెకాపు

మా వీధి చివర ఓ మేష్టారున్నారు. లెక్కలు చెప్పి రిటైరయ్యారు. వాళ్లమ్మాయి హైదరాబాదులో సాఫ్ట్‌వేర్‌ ఇంజినీరు. 'మీ అమ్మాయి ఏం చేస్తుంది మేష్టారూ?' అని ఎవరడిగినా ఇన్నాళ్లూ ఆయన దగ్గర ఒకటే జవాబు... 'జావా అండీ!' అని. అడిగినవాళ్లు 'ఓహో, జావానా' అంటూ తలాడించేవారు. అక్కడితో సరి. ఈమధ్య ఆ అమ్మాయి ఇంకో మాట చేర్చింది. 'జావా అప్లికేషన్లని కంటెయినర్లలో పెడుతున్నాం నాన్నా' అని. మేష్టారు అదే మాట ఓ పెళ్లిలో చెబితే పక్కన కూర్చున్న పెద్దాయన 'ఎక్కడా... విశాఖ పోర్టులోనా?' అన్నారట!

నవ్వొచ్చే మాటే. కానీ ఆ పెద్దాయన మరీ తప్పేమీ అనలేదు. ఆ పేరు వచ్చింది ఓడరేవు నుంచే. 1956 ఏప్రిల్‌ 26న అమెరికాలోని నెవార్క్‌ రేవు నుంచి హ్యూస్టన్‌కి ఐడియల్‌ ఎక్స్‌ అనే ఓడ బయల్దేరింది. దాని మీద 58 లోహపు పెట్టెలున్నాయి. ఆ ఆలోచన మాల్కమ్‌ మెక్లీన్‌ అనే లారీల యజమానిది. అప్పటిదాకా బస్తాలు వేరు, పీపాలు వేరు, చెక్కపెట్టెలు వేరు. ఒక్కోదాన్నీ కూలీలు మోసి ఎక్కించాలి, మోసి దించాలి. మెక్లీన్‌ పెట్టెతో ఆ బాధ పోయింది. లోపల ఏముందో క్రేన్‌కి అక్కర్లేదు. లారీకీ అక్కర్లేదు. పెట్టె కొలతలు తెలిస్తే చాలు. ఈ 'కొలత' అన్న మాట కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ఇంతకీ జావాకి పెట్టెతో ఏం పని? అది తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

జావాని సన్‌ మైక్రోసిస్టమ్స్‌ 1995లో లోకానికి చూపించింది. దాని రూపకర్త జేమ్స్‌ గోస్లింగ్‌. 'ఒకసారి రాస్తే చాలు, ఎక్కడైనా నడుస్తుంది' అన్నది వాళ్ల నినాదం. అదెలాగంటే, జావా ప్రోగ్రాము నేరుగా కంప్యూటర్‌తో మాట్లాడదు. మధ్యలో ఓ దుబాసీ ఉంటాడు. అతని పేరు జావా వర్చువల్‌ మెషీన్‌, ముద్దుగా జేవీఎమ్‌. విండోస్‌ అయినా, లినక్స్‌ అయినా, అక్కడో దుబాసీని కూర్చోబెడితే అదే ప్రోగ్రాము నడుస్తుంది. బ్యాంకులకీ, బీమా కంపెనీలకీ, టెలిఫోను కంపెనీలకీ ఇది తెగ నచ్చేసింది. వాళ్ల కోసమే 1999 డిసెంబరులో జే2ఈఈ అనే పెద్ద ప్రమాణం వచ్చింది. వేలమంది ఒకేసారి వాడే భారీ అప్లికేషన్లు ఎలా కట్టాలో చెప్పే నియమావళి అది. ఇప్పుడు దాని పేరు జకార్తా ఈఈ. మన హైదరాబాదు అమీర్‌పేటలో కోచింగ్‌ సెంటర్ల బోర్డుల మీద ఏళ్ల తరబడి మెరిసిన 'కోర్‌ జావా, అడ్వాన్స్‌డ్‌ జావా' అన్న మాటల వెనకున్న గిరాకీ ఇదే.

నినాదం గొప్పదే గానీ ఆఫీసుల్లో ఓ పాత తగాదా మాత్రం తీరలేదు. ప్రోగ్రాము రాసిన కుర్రాడు 'నా మెషీన్‌లో పనిచేస్తోంది సార్‌' అంటాడు. సర్వర్‌ చూసుకునే ఆయన 'నా దగ్గర పనిచేయడం లేదయ్యా' అంటాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు! కుర్రాడి దగ్గర ఉన్న జావా వెర్షన్‌ వేరు, సర్వర్‌లో ఉన్నది వేరు. ఇక్కడున్న ఫైలు అక్కడ లేదు. ఇక్కడి సెట్టింగు అక్కడ మరో రకంగా ఉంది. దుబాసీ ఉన్నా, ఆయన కూర్చునే అరుగు ఒక్కో ఊళ్లో ఒక్కోలా ఉందన్నమాట.

దీనికి విరుగుడు మన అమ్మలకి ఎప్పుడో తెలుసు. పిల్లాడు మొదటిసారి అమెరికా బయల్దేరితే ఏం చేస్తారు? ఆవకాయ, కందిపొడి సరే... కుక్కరు, దాని గాస్కెట్టు, ఆఖరికి పోపులడబ్బా కూడా సర్దేస్తారు. అక్కడ దొరుకుతాయో లేదో అన్న బెంగే ఉండదు. సాఫ్ట్‌వేర్‌ కంటెయినర్‌ కూడా సరిగ్గా అదే. ప్రోగ్రాము, దానికి తగిన జావా, కావలసిన ఫైళ్లు, సెట్టింగులు అన్నీ కలిపి ఒకే మూట కడతారు. ఆ మూటని 'ఇమేజ్‌' అంటారు. ఏం సర్దాలో, ఏ వరసలో సర్దాలో ఓ చీటీ రాసిపెట్టుకుంటారు. ఆ చీటీని చూసి ఎన్నిసార్లయినా అదే మూట కట్టొచ్చు.

దీనికి కావలసిన సరంజామా లినక్స్‌లో 2008 నాటికే చేరడం మొదలైంది. ఏ ప్రోగ్రాము ఎంత మెమొరీ, ఎంత ప్రాసెసర్‌ వాడుకోవాలో హద్దు గీసే సీగ్రూప్స్‌ అనే ఏర్పాటు అందులో ముఖ్యమైనది. అయితే అందరూ వాడుకునేంత సులువు చేసింది మాత్రం డాకర్‌. 2013 మార్చిలో కాలిఫోర్నియాలో జరిగిన ఓ సభలో సాలమన్‌ హైక్స్‌ అయిదు నిమిషాల ప్రసంగంలో దాన్ని చూపించాడు. మరుసటి ఏడాదే గూగుల్‌ కుబర్నెటిస్‌ని బయటపెట్టింది. గ్రీకు భాషలో ఆ మాటకి అర్థం... ఓడ నడిపే సరంగు. పెట్టెలు వందల్లో ఉంటే దేన్ని ఏ మెషీన్‌లో పెట్టాలి, ఒకటి ఆగిపోతే దాని స్థానంలో మరొకటి ఎప్పుడు లేపాలి... ఈ సరంగే చూసుకుంటాడు. 'ఈ అప్లికేషన్‌ కాపీలు ఎప్పుడూ మూడుండాలి' అని చెప్పి పడుకోవచ్చు. అర్ధరాత్రి ఒకటి పోతే, మనం లేవక్కర్లేదు, కొత్తది లేస్తుంది.

'మరి మా అమ్మాయి అర్ధరాత్రి ఎందుకు లేస్తోందయ్యా?' అన్నారు మేష్టారు. అసలు కథ అక్కడే ఉంది.

కిందటి సంక్రాంతికి ఆ అమ్మాయి ఇంటికొచ్చినప్పుడు చెప్పింది. 'మాది బిల్లులు కట్టించుకునే అప్లికేషన్‌ బాబాయ్‌. పాతది. ఏళ్లుగా పెద్ద సర్వర్‌లో హాయిగా నడిచింది. కంటెయినర్‌లోకి మార్చాం. మామూలు రోజుల్లో బాగానే ఉంది. నెలాఖరు గడువు రోజు వచ్చేసరికి చచ్చిపోవడం మొదలెట్టింది. సరంగు లేపుతున్నాడు, అది మళ్లీ పడిపోతోంది. లాగ్‌ తెరిచి చూస్తే తప్పు జరిగినట్టు ఒక్క ముక్క లేదు!'

చచ్చిపోవడమంటే తెర మీద గీతలు రావడం కాదండోయ్‌. ఒకరి ఖాతాలో డబ్బు తెగింది, రసీదు తయారయ్యేలోగా ప్రోగ్రాము పోయింది. కట్టినాయన కంప్యూటర్‌ ముందు చూస్తూ కూర్చున్నాడు. కట్టినట్టా, కట్టనట్టా? మళ్లీ కట్టాలా? లెక్కలు సరిచూసి ఆ డబ్బు సర్దడానికి రోజులు పడుతుంది. అవతల గడువు మాత్రం ఆ రాత్రే. ఇలాంటి అనుభవం మీలో చాలామందికి ఉండే ఉంటుంది.

ఇంతకీ ఏం జరిగింది? కంటెయినర్‌ అంటే సొంత ఇల్లు కాదు. పెద్ద మేడలో ఓ పోర్షన్‌. బోరు, ట్యాంకు, మెట్లు అందరికీ ఉమ్మడి. అంటే, లోపలి కెర్నల్‌ ఒక్కటే. వర్చువల్‌ మెషీన్‌ అయితే ఎవరి ప్రహరీ వారిది, ఎవరి మోటారు వారిది. అందుకే అది బరువు, ఇది తేలిక. ఒకే మెషీన్‌లో ఎన్నో పోర్షన్లు పడతాయి. కానీ పోర్షన్‌లో దిగినవాడు తన హద్దు తెలుసుకుని ఉండాలి.

జావా పుట్టిన రోజుల్లో పోర్షన్లు లేవు. మెషీన్‌ అంతా తనదే. అందుకని లేవగానే ఓ లెక్క వేసుకుంటుంది. మెషీన్‌లో మెమొరీ ఎంతుంది? అందులో పావు వంతు తన 'హీప్‌' కోసం వాడుకోవచ్చు. వీళ్ల సర్వర్‌లో మెమొరీ 64 జీబీ. పావు వంతంటే 16. వీళ్లు ఆ పెట్టెకిచ్చిన హద్దు 2 జీబీ! జావా ఆ హద్దు చూడలేదు, మేడ మొత్తాన్ని చూసింది. 'ఇంకా బోలెడు చోటుంది, ఇప్పుడే చెత్త తీయడం ఎందుకు' అనుకుంటూ సామాను పెంచుకుంటూ పోయింది. మామూలు రోజుల్లో జనం తక్కువ కాబట్టి సామానూ తక్కువే. నెలాఖరున జనం పెరిగారు. 2 జీబీ దాటగానే లినక్స్‌ కెర్నల్‌ మారుమాట లేకుండా దాన్ని చంపేసింది. నోటీసు లేదు. కేక వేసే వ్యవధి కూడా లేదు కాబట్టే లాగ్‌లో ముక్క లేదు. సరంగు దగ్గర మాత్రం ఓ అంకె మిగిలింది... 137. బలవంతంగా చంపేశారని దానర్థం. మూడు రాత్రులు లాగ్‌లు వెతికి, ఆఖరికి ఆ అంకె దగ్గర ఆగారు వీళ్లు.

ఈ పొరపాటు జావా పెద్దలకీ తెలిసింది. 2018 మార్చిలో వచ్చిన జావా 10 నుంచి జేవీఎమ్‌ మేడని కాక తన పోర్షన్‌ హద్దుని చూసి లెక్క వేసుకుంటోంది. పాత జావా 8 వాడేవాళ్లకీ అదే ఏడాది అక్టోబరులో 191వ అప్‌డేట్‌తో ఆ తెలివి అందింది. వీళ్లు మూటలో సర్దింది మాత్రం అంతకు ముందరిది. 'అన్నీ కలిపి సర్దేశాం కదా అని మురిసిపోయాం బాబాయ్‌. పాత జావాని కూడా భద్రంగా సర్దామని గమనించలేదు' అంది ఆ అమ్మాయి.

కొత్త జావా పెడితే తీరిపోయిందా అంటే, సగమే. ఇప్పుడది 2 జీబీలో పావు చూసుకుని, అర జీబీ చాలంటుంది. ఇంతింట్లో ఓ మూల సర్దుకుని కూర్చుంటే నెలాఖరు జనానికి ఎలా సరిపోతుంది? అలాగని 2 జీబీ మొత్తం హీప్‌కే రాసిచ్చేయకూడదు. ఎందుకంటే జావాకి హీప్‌ కాక వేరే ఖర్చులున్నాయి. ప్రోగ్రాము తరగతుల వివరాలకి కొంత చోటు. ఒకేసారి పనిచేసే ఒక్కో థ్రెడ్‌కీ, మామూలు లెక్కన, 1 ఎంబీ దాకా చోటు. టామ్‌క్యాట్‌ సర్వర్‌ తనంతట తాను 200 థ్రెడ్ల వరకూ పెట్టుకుంటుంది. అందుకే వీళ్లు హీప్‌ని నూటికి 75 దగ్గర ఆపారు. నెలాఖరు రద్దీని ముందుగానే కృత్రిమంగా సృష్టించి, కొలిచి చూశాకే తలుపులు తెరిచారు. మంచం కొనేముందు గది కొలుచుకుంటాం చూడండి... అంతే!

మరో ముచ్చట కూడా చెప్పింది. జావా లేవగానే పరిగెత్తలేదు, పెద్ద అప్లికేషన్‌ సర్దుకోవడానికి నిమిషం పైనే పట్టొచ్చు. సరంగేమో కాసేపటికోసారి 'బతికున్నావా?' అని తలుపు తడతాడు. జవాబు రాకపోతే పోయిందనుకుని మళ్లీ మొదటి నుంచి లేపుతాడు. లేవబోయేదాన్ని లేపడానికి చంపడమన్నమాట! అందుకని లేచేటప్పుడు ఎంతసేపు ఓర్చుకోవాలో సరంగుకి విడిగా చెప్పిపెట్టాలి. ఆపేటప్పుడూ అంతే. కుబర్నెటిస్‌ మామూలుగా ఇచ్చే గడువు 30 సెకన్లు. చేతిలో ఉన్న రసీదులు ఆలోగా పూర్తిచేసి, కొత్తవి తీసుకోకుండా తప్పుకోవడం ప్రోగ్రాముకి నేర్పాలి.

చివరగా సర్దిన మూట గురించి. ఊరగాయ జాడీకి మూత పెట్టినంత మాత్రాన లోపలిది చెడిపోదని హామీ లేదు. 2021 డిసెంబరులో లాగ్‌4జే అనే జావా లైబ్రరీలో పెద్ద లోపం బయటపడింది. బయటివాళ్లు సర్వర్‌లోకి దూరి తమ ఇష్టం వచ్చిన ప్రోగ్రాము నడిపించేంత లోపం. ప్రపంచమంతటా ఇంజినీర్లు నిద్ర మానుకుని తమ తమ మూటల్లో అది ఉందో లేదో వెతుక్కున్నారు. మూటలో ఏమేం సర్దారో పట్టీ రాసుకున్నవాళ్లు త్వరగా తేల్చుకున్నారు. లేనివాళ్లు ఒక్కో మూటా విప్పి చూసుకోవాల్సి వచ్చింది.

పెట్టె గొప్పదే. 'నా మెషీన్‌లో పనిచేస్తోంది' అన్న తగాదాని చాలావరకూ తీర్చింది. అయితే లోపల ఏం పెట్టామో, పెట్టె కొలతెంతో తెలుసుకునే బాధ్యత మాత్రం మనుషుల మీదే ఉంచింది. ఆ కొలత తెలియకపోతే నెలాఖరు రాత్రి ఎవరికో రసీదు రాదు.

మొన్న మేష్టారు కనిపించారు. 'మీ అమ్మాయి ఏం చేస్తుందని అడిగితే ఇప్పుడేం చెబుతున్నారు మేష్టారూ?' అన్నాను. ఆయన నవ్వి అన్నారు... 'లెక్కలే చేస్తోందయ్యా! గదిలో ఎంత సామాను పడుతుందో లెక్క కడుతోంది. నేను అయిదో తరగతిలో చెప్పిన ఘనపరిమాణమే!'