పొయ్యికి వాస్తు చూశారు, పొగకి దారేది?

తెలంగాణ పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ ఉన్నతాధికారులకు:

నేను హైదరాబాద్‌లో మాడ్యులర్ కిచెన్ పనులు చేయించే మనిషిని. కొత్త ఫ్లాటు తాళాలు చేతికి రాగానే జనం మొదట కబురు పెట్టేది మాలాంటివాళ్లకే. గ్రానైట్ పరుస్తాం, కప్‌బోర్డులు బిగిస్తాం, ఆఖర్న చిమ్నీ డబ్బా దిగుతుంది. దాన్ని బిగించడానికి వచ్చిన కుర్రాడు నాలుగు గోడలూ చూసి ప్రతిచోటా ఒకటే అడుగుతాడు: "పైపు ఎటు తియ్యమంటారు సార్?" దీనికి జవాబు చెప్పాల్సింది నేనూ కాదు, ఇంటాయనా కాదు. ఆ బిల్డింగు ప్లాన్ మీద ముద్ర వేసినవాళ్లు. అందుకని మీకు రాస్తున్నాను.

మన దగ్గర ఏ బిల్డర్ బ్రోషర్ తీసినా "నూరు శాతం వాస్తు" అని ఉంటుంది. వంటిల్లు ఆగ్నేయం, వండే మనిషి తూర్పు ముఖం. వాస్తుతో నాకేం పేచీ లేదు. పునాది తియ్యకముందే పొయ్యి ఎక్కడ వస్తుందో అందరికీ తెలుసు కదా అంటున్నాను, అంతే. తెలిసి కూడా, ఆ పొయ్యి మీద లేచే పొగ ఏ గోడ దాటాలో ప్లాన్‌లో ఒక్క గీత ఉండదు. ఆ తూర్పు గోడ పక్క ఫ్లాటుతో ఉమ్మడిదైతే, లేదా అవతల కారిడార్ ఉంటే, పైపు వంటింటి చుట్టూ ప్రదక్షిణ చేసి యుటిలిటీలోకి రావాలి.

ఇటుక గోడలున్న రోజుల్లో ఇదొక గొడవే కాదు. మేస్త్రీ సుత్తీ ఉలీ పట్టుకొచ్చి మధ్యాహ్నం భోజనంలోపు బెజ్జం కొట్టి వెళ్లేవాడు. ఇప్పుడు కోకాపేట, నార్సింగి, తెల్లాపూర్ వైపు లేస్తున్న టవర్లలో చాలావాటికి మైవాన్ షట్టరింగ్. గోడలన్నీ కాంక్రీటు, లోపల ఇనుము. బరువు మోసేవి ఆ గోడలే. డైమండ్ బిట్‌తో కోర్ కటింగ్ చెయ్యాలంటే అసోసియేషన్ ఒప్పుకోదు. దాన్ని తప్పు పట్టను కూడా, కడ్డీ తెగితే పూచీ ఎవరిది? దాంతో కుర్రాడు తన దారి తాను చూసుకుంటాడు. కిటికీ అద్దం ఒకటి ఊడదీసి ఆ స్థానంలో బెజ్జం కొట్టిన ప్లైవుడ్ ముక్క పెడతాడు. లేదంటే పైపుని ప్లంబింగ్ షాఫ్ట్‌లోకి తోసేస్తాడు. మన ఎండుచేపల వేపుడు పై అంతస్తువాళ్ల బాత్రూంలో ఘుమఘుమలాడుతుంది.

అన్నిటికన్నా ఘోరం మూడోది. ఒక ఇంట్లో కప్‌బోర్డులు మార్చడానికి వెళ్లి లాఫ్ట్ తలుపు తీశాను. అల్యూమినియం పైపు కప్‌బోర్డు వెనక నుంచి లేచి లాఫ్ట్‌లోకి వచ్చి అక్కడే ఆగిపోయింది. దాని మూతి బొమ్మల కొలువు సామాను పెట్టిన అట్టపెట్టెల వైపు తిరిగి ఉంది. శ్లాబు కింద పసుపుపచ్చని జిడ్డు, జిడ్డుకి అంటుకున్న దుమ్ము, దుమ్ములో బొద్దింకలు. పై అట్టపెట్టె నూనె పీల్చి మెత్తబడి, పట్టుకుంటే చేతికే ఊడొచ్చింది. కింద నిలబడి ఆ ఇంటావిడ చెబుతోంది: "మా చిమ్నీ బాగానే లాగుతుందండీ. అయినా ఇల్లంతా ఈ జిడ్డెక్కడిదో అర్థం కాదు."

కొనేవాళ్లు చూసేది డబ్బా మీది అంకె: గంటకు 1200 ఘనపు మీటర్లు, 1400, ఈమధ్య ఇంకా పైన. ఎనిమిదికి పది అడుగుల వంటింట్లో, పదడుగుల ఎత్తుకి లెక్కేసినా, ఉండే గాలి 23 ఘనపు మీటర్లకి లోపే. అదంతా గంటకి పదిహేనుసార్లు మారినా 350 దాటదు. పోనీ 1200 నిజంగానే లాగాలనుకుందాం. ఆరంగుళాల పైపులో అంత గాలి పోవాలంటే అది గంటకు 65 కిలోమీటర్లకి పైగా పరుగెత్తాలి. బెజ్జం చిన్నదని కుర్రాడు నాలుగంగుళాల పీవీసీ గొట్టానికి దించేస్తే దాదాపు 150 కిలోమీటర్లు కావాలి. వాతావరణ శాఖ లెక్కలో అది అతి తీవ్ర తుపాను గాలి. వంటింట్లో అలాంటిదేం వీచదు. మోటారు రొద పెరుగుతుంది, లాగడం తగ్గుతుంది. పైపు ముడతలు ముడతలుగా ఉన్నా, రెండు మూడు మలుపులు తిరిగినా ఇంకా తగ్గుతుంది. అందుకే నన్నడిగేవాళ్లకి ఒకటే చెబుతాను: ముందు బెజ్జం చూపించండి, మోడల్ తర్వాత చూద్దాం. బెజ్జం ఉంటే మిగతాదంతా తేలిక. చిమ్నీ వెడల్పు పొయ్యికి తగ్గకూడదు, గ్యాసు పొయ్యికీ దానికీ మధ్య కనీసం 65 సెంటీమీటర్లు ఉండాలి, పైపు పొట్టిగా, తిన్నగా, ఆరంగుళాలకి తగ్గకుండా పోవాలి. బయట మూతికి రెక్క ఉన్న కవర్ మరవకూడదు, లేకపోతే ఈ ఊరి పావురాలు దాన్ని పురిటిగది చేసుకుంటాయి.

పైపు అక్కర్లేదు, బొగ్గు ఫిల్టరు చాలంటారు షోరూంలో. ఆ ఫిల్టరు వాసన కొంత పీలుస్తుంది, కొన్ని నెలలకి మార్చుకోవాలి. వేడినీ ఆవిరినీ, గ్యాసు మంట నుంచి వచ్చే నైట్రోజన్ డయాక్సైడ్‌నీ మళ్లీ మన ముఖం మీదికే వదులుతుంది. దానికంటే కిటికీ పైన పాతకాలం ఎగ్జాస్ట్ ఫ్యాను వెయ్యి రెట్లు నయం.

ఇంకో సంగతి ఎవరికీ పట్టదు. బయటికి పోయినంత గాలి లోపలికి రావాలి. ఏసీ కోసం కిటికీలన్నీ బిగించిన ఫ్లాటులో చిమ్నీ వేస్తే ఆ గాలి దొరికిన సందులోంచి వస్తుంది. బాత్రూం ట్రాపులో నీళ్లు ఎండి ఉంటే డ్రైనేజీ కంపుతో వస్తుంది. అదే బాత్రూంలో గ్యాస్ గీజరు మండుతుంటే బయటికి పోవాల్సిన కార్బన్ మోనాక్సైడ్ కూడా వెనక్కి తిరగొచ్చు. ఇది జిడ్డు సంగతి కాదు, ప్రాణం సంగతి.

1999లో దీపం పథకం కింద ఉమ్మడి రాష్ట్రంలో గ్యాసు కనెక్షన్లు ఇచ్చినప్పుడు ఆడవాళ్లకి కట్టెల పొగ బాధ తప్పిందనుకున్నాం. చాలావరకు తప్పింది. కానీ మన వంట మూకుడు వంట. తిరగమోత, వేపుడు, బూరెలు, ఎండుమిర్చి ఘాటు. బాగా కాగిన నూనెలో వేయించేటప్పుడు వచ్చే పొగని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటిలో, 2ఏ తరగతిలో పెట్టింది.

బిల్డర్లకి బెజ్జం పెట్టడం చేతకాదా అంటే, భేషుగ్గా చేతనవును. ఏసీ రాగి పైపుకి స్లీవు ఉంటుంది, నీళ్లు పోయే గొట్టం ఉంటుంది, బయటి యూనిట్‌కి అరుగు కూడా కట్టిస్తారు. ఏసీ హాల్లో కూర్చునేవాళ్లకి కదా. పొగ వండేవాళ్లకి. ఎలివేషన్ పాడవుతుందని ఒక వంక చెబుతారు. ఏసీ అరుగులని జాలీల వెనక దాచినవాళ్లకి ఆరంగుళాల బెజ్జం దాచడం ఎంతపని? కాంక్రీటు పోసే ముందు షట్టరింగ్‌లో ఒక పీవీసీ ముక్క పెట్టడానికి ఫ్లాటుకి కొన్ని వందల రూపాయల ఖర్చు.

నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016 వంటింటికి కిటికీయో వెంటిలేటరో ఉండి తీరాలంటుంది. పొగగొట్టం దగ్గరికి వచ్చేసరికి "అవసరమైతే" అంటుంది. మీ నిబంధనల్లో ఆ "అవసరమైతే" ఉండనివ్వకండి. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల జీవో 168లో సెట్‌బ్యాకులూ పార్కింగూ ఎంత వివరంగా రాసుకున్నారో, ఇంకుడు గుంత ప్లాన్‌లో చూపించమని ఎలా అడుగుతున్నారో, పొయ్యి చోటూ, అక్కడి నుంచి బయటి గాలిలోకి పోయే ఆరంగుళాల స్లీవూ అలాగే చూపించమనండి. అది షాఫ్ట్‌లోకీ కారిడార్‌లోకీ మూసేసిన యుటిలిటీలోకీ తెరుచుకోకూడదని రాయండి. గాలి లోపలికి రావడానికి ఒక జాలీ ఉండాలని రాయండి. పాటించేలా చూసే పట్టు మీ చేతిలోనే ఉంది. కట్టిన విస్తీర్ణంలో పది శాతం మీ దగ్గర తనఖా ఉంటుంది, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇచ్చాకే విడిపిస్తారు. ఆ సర్టిఫికెట్ తనిఖీలో ఈ ఒక్క గడి చేర్చండి. ప్రభుత్వం కట్టించే ఇళ్లతోనే మొదలుపెడితే మరీ మంచిది. అక్కడ చిమ్నీ కొనకపోయినా ఎగ్జాస్ట్ ఫ్యానుకి దారి ఉంటుంది.

ఇప్పటికే జనం చేరిన మైవాన్ టవర్ల మాటేమిటంటే, ప్రతి వరస ఫ్లాట్లకీ కోర్ కటింగ్ ఎక్కడ చెయ్యొచ్చో స్ట్రక్చరల్ ఇంజనీరు చేత గుర్తు పెట్టించి ఆ డ్రాయింగు అసోసియేషన్‌కి అందజెయ్యమని బిల్డర్లకి సర్క్యులర్ ఇవ్వండి. అది నోటీసు బోర్డు మీద ఉంటే, మా కుర్రాడు పైపు ఎటు తియ్యాలని ఇంకెవర్నీ అడగడు.

ఇట్లు,
ఒక కిచెన్ కాంట్రాక్టరు, హైదరాబాద్