మూడు రోజుల సైకిల్ పందెం మనమే పెట్టుకుందాం



ఆటల పోటీల్లో సైకిల్ పందెం అంటే మైదానంల నాలుగు చుట్లు తిరుగుడే. పది నిమిషాల్ల అయిపోతది. మొగపిల్లలు తొక్కుతరు, మనం నీళ్ళ గ్లాసులు పట్టుకొని నిలబడతం. నా అభిప్రాయం ఏమిటంటే, మన ఏజెన్సీలో ఊరి నుంచి ఊరికి మూడు రోజులు సాగే సైకిల్ పందెం పెట్టాలి. ఊరోళ్ళే కూలి లేకుండా దాన్ని నడపాలి. ఆడపిల్లలు నీళ్ళు ఇచ్చుడే కాదు, తొక్కాలి కూడా.

ఇట్లాంటి పందెం కొత్తదేమీ కాదు. ఫ్రాన్సు దేశంలో 1903లో ఒక పత్రికవాళ్ళు ‘టూర్ డి ఫ్రాన్స్’ మొదలుపెట్టినారు. 6 దశలు, మొత్తం 2,428 కిలోమీటర్లు. 60 మంది బయలుదేరితే 21 మందే చివరిదాకా చేరినారు. మారిస్ గారిన్ అనే ఆయన గెలిచినాడు. అక్కడ కూడా ఆడవాళ్ళ పందెం కొన్నేండ్లు జరిగి ఆగిపోయింది. 2022లో 8 దశలతో మళ్ళీ మొదలైంది.

ఈ పందెంలో అన్ని రోజుల టైము కూడితే ఎవరిది తక్కువో వాళ్ళే విజేత. ఒకామెకు మూడు రోజుల్లో 80, 95, 110 నిమిషాలు పట్టిందనుకోండి. మొత్తం 285. ఇంకొకామెకు 84, 92, 105 పట్టింది. మొత్తం 281. మొదటి రోజు వెనకబడ్డామెనే గెలిచింది. ఒక్కరోజు వెనకబడితే పని ఖతం అయినట్టు కాదు. ఇంట్ల మొదటిసారి బడికి వచ్చిన మనసొంటి వాళ్ళకు ఈ లెక్క బాగా అర్థమైతది.

“ఇంత పని ఊరోళ్ళతో అయితదా?” అని కొందరు అంటరు. ఎందుకు కాదు? మెస్రం వంశం వాళ్ళు ఏటా నాగోబా జాతరకు ముందు కాలినడకన గోదావరి హస్తినమడుగు దాకా పోయి జలం తెస్తరు. దారిలో ఊర్లల్ల ఆగుకుంట పోతరు. దండారి పండుగకు ఒక గూడెం వాళ్ళు ఇంకో గూడెం పోతే అక్కడోళ్ళు ఎదురొచ్చి, అన్నం పెట్టి, పండుకోను జాగ ఇస్తరు. ఎవరూ పైసలు అడగరు. దశల పందానికి కావలసింది కూడా ఇదే.

దారి నేను ఇట్ల అనుకుంటున్న. మొదటి రోజు కేస్లాపూర్ నుంచి ఇంద్రవెల్లి మీదుగా ఉట్నూరు. రెండో రోజు ఉట్నూరు నుంచి జైనూరు. మూడో రోజు జైనూరు నుంచి హట్టి మీదుగా జోడేఘాట్. 1940లో కుమురం భీం ప్రాణం విడిచిన చోట పందెం ముగించాలి. పత్తి ఏరుడు అయిపోయినంక, ఎండలు ముదరకముందు పెట్టాలి. సంత రోజు అసలే వద్దు. రోడ్డు మీద జనం, బండ్లు, ఎడ్లు ఉంటయి.

పనులు ముందే పంచుకోవాలి. ప్రతి మలుపు కాడ ఇద్దరు నిలబడాలి. ఒకరు ఎర్రజెండాతో బండ్లను ఆపాలి, ఇంకొకరు పోయేటోళ్ళను లెక్కపెట్టాలి. లెక్కపెట్టడానికి చదువు రావాలని లేదు. మా అమ్మకు రాయరాదు. కానీ సైకిల్ పోయినప్పుడల్లా ఒక గులకరాయి కుండల వేస్తే చాలు. 24 మంది బయలుదేరి 23 రాళ్ళే ఉంటే ఒకరు దారిల పడిపోయినారని వెంటనే తెలుస్తది. అందరి వెనక ఒక ట్రాలీ ఆటో రావాలి. టైము రాసేటోళ్ళు రెండు చోట్లా గడియారాలు ఒక్క తీరుగా కలుపుకోవాలి. సైకిళ్ళు బాగుచేసే అన్న ఒకరు, నర్సమ్మ ఒకరు తప్పకుండా ఉండాలి. గేర్ల సైకిళ్ళు వద్దు. అందరివీ మామూలు సైకిళ్ళే ఉండాలి, లేకుంటే పైసలున్నోళ్ళే గెలుస్తరు.

వార్డెన్ మేడంలు “ఏమన్న అయితే ఎవరు జవాబు చెప్పాలె?” అంటరు. అది న్యాయమైన మాటే. రాత్రి అన్నం కాడ ఒక్క పిల్ల తక్కువైనా మేడం తిననే తినరు. అందుకే ముందు నెల రోజులు బడి మైదానంల నేర్పించండి. తల్లిదండ్రుల వేలిముద్ర తీసుకోండి. పంచాయతీకి, పోలీసులకు కాగితం రాయండి. రాత్రి బస ఆడపిల్లల హాస్టళ్ళలోనే పెట్టండి. మొదటి ఏడు ఒక్క దశనే పెట్టినా మాకు సమ్మతమే. కానీ భయం ఉందని మమ్మల్ని గేటు లోపలే ఉంచితే ఆ భయం ఎప్పటికీ పోదు.

తమిళనాడులోని పుదుక్కోటై జిల్లాలో 1991 తర్వాత అక్షరాస్యత ఉద్యమంతో పాటు వేలమంది ఆడవాళ్ళు సైకిల్ నేర్చుకున్నరు. వాళ్ళు కూలీలు, క్వారీల్లో రాళ్ళు కొట్టేటోళ్ళు. మొదట జనం నవ్వినారు. తర్వాత ఆ ఆడవాళ్ళు బస్సు కోసం చూడకుండ నీళ్ళకు, పనికి, సంతకు సొంతంగా పోయినారు. పందెం మూడు రోజులల్ల అయిపోతది. సైకిల్ తొక్కుడు వచ్చినంక అది మనకే ఉంటది. పది పాసైనంక కాలేజి దూరమని చదువు మానే అక్కలు మన ఊర్లల్ల ఎంతమంది లేరు!

కాబట్టి మిత్రులారా, సైకిల్ తొక్కేటోళ్ళు, నేర్చుకునేటోళ్ళు, మలుపు కాడ నిలబడేటోళ్ళు ఎవరెవరో ఈ గోడపత్రిక కింద కట్టిన కాగితం మీద పేర్లు రాయండి. వద్దనేటోళ్ళు కూడా ఎందుకు వద్దో రాయండి. ఆ కాగితం పట్టుకొని అందరం కలిసి హెడ్మాస్టర్ సారును అడుగుదాం.

— 9వ తరగతి విద్యార్థిని